ఆకుకి పెట్టిన గొట్టం

మొన్న వేసవిలో కందుకూరు దగ్గర మా ఊరికి వెళ్ళినప్పుడు పెరట్లో నీళ్ళ పొయ్యి ముందు కూర్చుని, కళ్ళు తుడుచుకుంటూ మా వదిన ఒక మాట అడిగింది. "అమ్మాయ్, మీ కూతురు వాళ్ళింట్లో పొయ్యిలో ఏందో తేనెపట్టులాంటిది పెడతారంట, పొగే రాదంట. అది మన పొయ్యిలో పెట్టుకుంటే పోదా?"

"అది మనకి పనికిరాదు వదినా" అన్నాను ఠక్కున.

ఆమె ఇంకేమీ అనలేదు. ఊదుగొట్టం తీసుకుని మళ్ళీ ఊదడం మొదలుపెట్టింది. నేను చెప్పింది తప్పేమీ కాదు. కానీ పనికిరాకపోవడానికి కారణం తన పొయ్యి, తన మట్టి, తన పల్లెటూరు అని ఆమె అనుకున్నట్టు ఆ మొహం చూస్తే తెలిసింది. అసలు కారణం వేరే ఉంది. అది చెప్పాలంటే అమెరికా చలి దగ్గర్నుంచి మా నాన్న పొగాకు ఎండబెట్టే బ్యారన్ దాకా తిరిగి రావాలి. పొయ్యి ముందు నిలబడి చెప్పే సంగతి కాదని ఇక్కడ రాస్తున్నాను. వదిన చదవదు, ఆమె మనవరాలు చదివి వినిపిస్తుందని ఆశ.

మా అమ్మాయి కాన్పుకని 2023 నవంబరులో వెళ్ళి మార్చి దాకా అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలో ఉన్నాను. వాళ్ళ ఇల్లు ఊరికి దూరంగా చెట్ల మధ్య ఉంటుంది. మంచు తుఫాను వస్తే కరెంటు పోతుంది. అందుకని హాలు మధ్యలో పోత ఇనుముతో చేసిన పెద్ద పెట్టెలాంటి కట్టెల పొయ్యి. దాని మీద వంట చెయ్యరు. ఇల్లంతా వెచ్చగా ఉంచడమే దాని పని. రాత్రి పడుకోబోయే ముందు దుంగలు నింపి గాలి తగ్గించేస్తే తెల్లవారేదాకా నిప్పు ఉంటుంది. నాకు మా అమ్మ పాలు కాచే దాలి గుర్తొచ్చింది. పిడకలు కూడా అట్లాగే సాయంత్రం దాకా నెమ్మదిగా రగులుతుండేవి.

నెమ్మదిగా రగిలే నిప్పుతోనే అసలు చిక్కు. కట్టె మండుతోంది అంటాం గానీ, మండేది నేరుగా కట్టె కాదు. వేడికి కట్టెలోంచి ఆవిర్లు వస్తాయి. అవి అంటుకుంటే మంట, అంటుకోకపోతే పొగ. చివరికి మిగిలేది బొగ్గు. అంటే పొగ అన్నది ఇంకా కాలాల్సిన కట్టె. డబ్బులిచ్చి కొని, మోసుకొచ్చి, చీల్చి, గాల్లోకి వదిలేసిన కట్టె. ఆ పొగ తనంతట తాను మండాలంటే సుమారు 550, 600 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. గాలి తగ్గించి మగ్గబెట్టిన పెట్టెలో అంత వేడి నిలవదు.

తేనెపట్టు చేసే పని ఇక్కడే. అదొక పింగాణీ దిమ్మ. కొన్నిటిలో లోహంతో చేస్తారు. నిలువునా సన్నని గదులు, ఆ గదుల గోడలకి ప్లాటినం, పల్లాడియం పూత. పొగ ఆ గదుల్లోంచి పోయేటప్పుడు 260 డిగ్రీల దగ్గరే అంటుకుని కాలిపోతుంది. కాలినప్పుడు పుట్టే వేడితో దిమ్మ ఇంకా వేడెక్కుతుంది. ఇక దాని పని అదే నడుపుకుంటుంది. మధ్యలో ఆ పూత ఏమీ ఖర్చవదు. మన పెళ్ళిళ్ళ పేరయ్య లాంటిది: రెండు వైపులా మాట్లాడి కలిపేసి, తను అట్లాగే ఉండి ఇంకో సంబంధం చూసుకుంటాడు చూడండి, అట్లా. కార్ల సైలెన్సర్ దారిలో ఉండి పొగని శుభ్రం చేసే కన్వర్టర్ కూడా ఈ వంశమే.

వినడానికి బాగానే ఉంటుంది. వాడటం మొదలుపెట్టాకగానీ తెలియలేదు, ఆ పొయ్యికి ఎంత మడి ఉందో.

లోపల పొగకి రెండు దారులుంటాయి. ఒకటి నేరుగా పైగొట్టంలోకి, రెండోది తేనెపట్టులోంచి. పక్కన ఒక మీట ఉంటుంది. పొయ్యి రాజేసేటప్పుడు నేరుదారి తెరిచి ఉండాలి. పైన చిన్న థర్మామీటరు, దాని ముల్లు 260 దాటి, కట్టెలు బాగా అంటుకున్నాక మీట తిప్పి పొగని తేనెపట్టు వైపు మళ్ళించాలి. ముందే తిప్పితే చల్లటి దిమ్మకి మసి పట్టి గదులు మూసుకుంటాయి. ఆలస్యం చేస్తే పొగంతా వృథా. మళ్ళీ కట్టెలు వెయ్యడానికి తలుపు తియ్యాలంటే ముందు మీట తిప్పి నేరుదారి తెరవాలి, ఒక నిమిషం ఆగాలి, అప్పుడు తలుపు సందుగా తీసి, ఆపైన పూర్తిగా తియ్యాలి.

నేను మొదటి వారంలోనే మీట సంగతి మర్చిపోయి తలుపు బార్లా తీశాను. పొగంతా హాల్లోకి తన్నుకొచ్చింది. ఇంటి కప్పుకున్న అలారాలన్నీ ఒక్కసారిగా కూత. పది రోజుల పసిగుడ్డు లేచి ఏడుపు. మా అల్లుడు చొక్కా లేకుండానే మంచులో కిటికీలు తెరుస్తూ "పర్లేదు అత్తయ్యా, పర్లేదు" అంటున్నాడు గానీ ఆయన మొహం అట్లా లేదు. పొగలో పుట్టి పొగలో పెరిగినదాన్ని, అరగంట పొగకి ఇంత హడావుడా అని లోపల విసుక్కున్నాను. ఆ విసుగు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

రెండో పాఠం క్రిస్మస్ అయిపోయాక. బహుమతులకి చుట్టిన మెరుపు కాగితాలు కుప్పగా పడున్నాయి. పొయ్యిలో వెయ్యబోయాను. అల్లుడు చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు. రంగు కాగితాలు, ప్లాస్టిక్, పెయింటు వేసిన చెక్క, బొగ్గు, సముద్రంలో కొట్టుకొచ్చిన ఉప్పు పట్టిన కట్టె, ఏవీ వెయ్యకూడదట. వాటిలోని సీసం, జింకు, గంధకం లాంటివి ఆ పూత మీద కూర్చుని దాని పని ఆపేస్తాయి. పేరయ్య కుర్చీలో ఇంకెవరో కూర్చున్నట్టు. బాగా చూసుకుంటే తేనెపట్టు 10,000 గంటలకి పైగా పనిచేస్తుంది. చూసుకోకపోతే ఒక్క చలికాలంలోనే చేతులెత్తేస్తుంది. కొత్తదానికి వందల డాలర్లు.

పచ్చికట్టె విషయంలో అయితే ఇంకా కచ్చితం. తేమ 20 శాతం లోపుండాలి. కట్టె పైన కొలిస్తే చాలదు, అప్పటికప్పుడు గొడ్డలితో చీల్చి, లోపలి ముఖం మీద మీటరు ముళ్ళు గుచ్చి చూడాలి. ఎర్రగా కాలుతున్న తేనెపట్టు ఉన్న పొయ్యిలో మంచు అంటుకున్న తడి దుంగ వేస్తే ఆ చలికీ ఆవిరికీ పింగాణీ పగులుతుంది. వేడి గాజు లోటాలో ఐసునీళ్ళు పోసినట్టే. అందుకే రెండేళ్ళ ముందు కొట్టిన కట్టెలు రేకుల కింద వరసగా పేర్చి ఉంటాయి. ఈ ఏడు కొట్టినవి వచ్చే ఏడుకి కూడా కాదు, ఆపై ఏడుకి. భూమి కొన్నట్టు కట్టెలు కొనిపెట్టుకుంటారు.

చలి తగ్గాక మార్చిలో ఒక ఆదివారం అల్లుడు పొయ్యి విప్పాడు. తేనెపట్టు బయటకి తీసి మెత్తటి బ్రష్‌తో బూడిద దులిపాడు. గాలి గొట్టంతో కొడితే పూత రాలిపోతుందని కొట్టడు. అప్పటికి అయిదో ఏడు కాబట్టి పని కొంచెం మందగించిందని, ఒక పాత గిన్నెలో వెనిగరు, డిస్టిల్డ్ వాటరు సమంగా పోసి దాన్ని అరగంట సన్నగా మరిగించి, మళ్ళీ మంచి డిస్టిల్డ్ వాటర్‌లో జాడించాడు. ఇల్లంతా ఊరగాయ జాడీ మూత తీసినట్టు వాసన. తలుపు చుట్టూ ఉండే తాడులాంటి బిగింపుని కూడా చూశాడు: తలుపు సందులో ఒక డాలరు నోటు పెట్టి మూసి లాగాలి. తేలిగ్గా వచ్చేస్తే బిగింపు వదులైనట్టు. పైగొట్టంలో బ్రష్ దూర్చి మసి దింపాడు. ఆ మసి తారులాగా గట్టిపడితే గొట్టమే అంటుకుంటుందట. బూడిద ఎత్తడానికి మూత ఉన్న ఇనుప బక్కెట్. నివురుగప్పిన నిప్పు అన్న మాట మనం రాజకీయాలకి వాడుకుంటాం, వాళ్ళు దానికి ఒక బక్కెట్ కేటాయించారు.

ఇంత మడి వాళ్ళకి ఊరికే రాలేదు. కట్టెల పొగ ఊరి గాలిని పాడుచేస్తోందని ముందు ఒరెగాన్ రాష్ట్రం చట్టం చేసింది. తర్వాత 1988లో దేశమంతటికీ నిబంధన వచ్చింది. తేనెపట్టున్న పొయ్యి గంటకి సగటున 4.1 గ్రాముల కంటే ఎక్కువ పొగ నుసి వదలకూడదని కట్టడి పెట్టారు. 2020 నుంచి కొత్త పొయ్యిలకి అది 2 గ్రాములకి దిగింది. మనుషులు మంచివాళ్ళు కాబట్టి పొయ్యి శుభ్రంగా ఉందని నేను అనుకోను. తప్పు చేస్తే పొయ్యి పాడవుతుంది, జేబు పాడవుతుంది, చట్టం ఒప్పుకోదు. అందుకని అందరూ ఒళ్ళు దగ్గర పెట్టుకుంటారు.

మా ఊరి పొయ్యి ఏ తప్పునైనా భరిస్తుంది. పచ్చి చిల్లకంప పెట్టండి, కాలుతుంది. పాల కవరు వేసి అంటించండి, అంటుకుంటుంది. గొట్టం పూడిపోయి పదేళ్ళయినా అన్నం ఉడుకుతుంది. ఆ తప్పు ఖరీదు పొయ్యి కట్టదు. ముందు కూర్చున్న ఆడమనిషి కళ్ళూ ఊపిరితిత్తులూ కడతాయి. వెర్మాంట్ తేనెపట్టుకి ఉన్న నోరు మా అమ్మకి లేకపోయింది. పగిలిపోతానని బెదిరించి ఉంటే ఆమెకీ ఎవరో ఒకరు మీటరు కొని తెచ్చేవాళ్ళు.

నా మాట అతిశయోక్తి అనిపిస్తే మా నాన్న బ్యారన్ సంగతి వినండి.

మాది తేలిక నేలల్లో వర్జీనియా పొగాకు వేసే ప్రాంతం. కందుకూరు, టంగుటూరు, కొండపి, పొదిలి చుట్టుపక్కల వాళ్ళకి చెప్పక్కర్లేదు. (జిల్లా పేరు అడక్కండి. మా తాతకి నెల్లూరు, 1970 నుంచి మాకు ఒంగోలు, ఆ తర్వాత దానికే ప్రకాశం అని పేరు, 2022లో మళ్ళీ నెల్లూరులో కలిపారు. ఊరు మాత్రం కదల్లేదు.) బ్యారన్ అంటే ఎత్తైన గోడల గది. ఆకుని కర్రలకి కట్టి వరసలుగా లోపల వేలాడదీస్తారు. బయటి నుంచి పొయ్యిలో కట్టెలు ఎగదోస్తే వేడి పొగ గది లోపల తిరిగే ఇనుప గొట్టాల్లోంచి పోయి చిమ్నీ నుంచి బయటపడుతుంది. గొట్టం వేడి ఆకుకి తగలాలి, పొగ మాత్రం తగలకూడదు. పొగ తగిలితే ఆకుకి ఆ వాసన పట్టి వేలంలో రేటు పడిపోతుంది. ఇంగ్లీషులో ఆ పొగాకుకి ఫ్లూ క్యూర్డ్ అనే పేరు ఆ గొట్టం వల్లే వచ్చింది.

మాఘమాసం వచ్చిందంటే నాన్న ఇంట్లో పడుకునేవాడు కాదు. బ్యారన్ పక్కన నులకమంచం, చేతిలో టార్చి. గోడకున్న చిన్న కిటికీలోంచి థర్మామీటరు చూడటం, ఎగదోయడం, మళ్ళీ చూడటం. 95 ఫారన్‌హీట్ దగ్గర మొదలుపెట్టి, ఆకు పసుపు రంగుకి తిరిగేదాకా ఓపిక పట్టి, మెల్లగా పెంచుతూ, ఈనె ఎండడానికి 160 దాకా. అయిదారు రోజులు రాత్రీ పగలూ. కట్టె విషయంలో నాన్నకి ఉన్న పట్టు మా అల్లుడికి ఏమాత్రం తీసిపోదు. రెండు కర్రలు తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టేవాడు. ఖంగుమంటే ఎండినట్టు, దబ్బుమంటే పచ్చి. చివర్లలో నక్షత్రంలా పగుళ్ళు ఉన్నాయా, బెరడు గోటితో లేస్తోందా అని చూసేవాడు. పచ్చికట్టె తెచ్చిన బండిని వెనక్కి పంపించేసేవాడు. సీజను ముగిశాక గొట్టాలన్నీ విప్పి, మసి దులిపి, చిల్లులకి అతుకు వేయించేవాడు.

అదే సమయానికి, బ్యారన్‌కి ముప్పై అడుగుల దూరంలో, తాటాకుల వంటపాకలో మా అమ్మ ఏరిన కట్టెలతో వంట చేస్తుండేది. బ్యారన్‌కి పనికిరావని పక్కన పడేసినవే వంటింటికి వచ్చేవి. ఆ పాకకి గొట్టం లేదు. చూరు సందుల్లోంచి పొగ ఎంత పోతే అంత. పొగ తగలకుండా ఆకుని కాపాడిన ఇనుప గొట్టాల్లో పాతబడి తీసేసిన ముక్క ఒక్కటి పాక మీద నిలబెట్టాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు, నేనూ అదే ఇంట్లో ఉన్నాను. నాన్న చెడ్డవాడు కాదు. ఆకుకి వేలంలో ధర ఉంది. అమ్మ దగ్గుకి లేదు. అమ్మ చివరి పదిహేనేళ్ళూ దగ్గుతూనే ఉంది. డాక్టరుగారు ఒకసారి "సిగరెట్ తాగేవారా" అని అడిగితే అందరం నవ్వాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఇళ్ళలో వంట పొగ లాంటి వాటివల్ల 2020లో 32 లక్షల మంది చనిపోయారు. అమ్మ అంతకు ముందే పోయింది కాబట్టి ఆ లెక్కలో లేదు.

పొగలేని పొయ్యిల గురించి మన దేశంలో ఎవరూ పట్టించుకోలేదా అంటే, పట్టించుకున్నారు. హైదరాబాద్ ఇంజినీరింగ్ రీసెర్చ్ లాబొరేటరీలో డాక్టర్ ఎస్.పి. రాజు 1950ల్లోనే హెర్ల్ చూలా అని చిమ్నీ ఉన్న మట్టి పొయ్యి తయారుచేశారు. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వాళ్ళు అస్త్ర ఒలె అని మూడు గిన్నెల పొయ్యి చేశారు. 1980ల్లో కేంద్ర ప్రభుత్వం ఊరూరా పొగలేని పొయ్యిలు పెట్టించే కార్యక్రమం మొదలుపెట్టి 2002 దాకా నడిపింది. మా ఊరికీ వచ్చాయి. రెండు కళ్ళ పొయ్యి, సిమెంటు గొట్టం. అమ్మ రెండేళ్ళు వాడింది. గొట్టం మసితో పూడింది. ఎట్లా శుభ్రం చెయ్యాలో పెట్టినవాళ్ళు చెప్పలేదు, మళ్ళీ రానూ లేదు. పొగ వెనక్కి తన్నడం మొదలయ్యాక అమ్మ పగలగొట్టి పాత పొయ్యే వేసుకుంది. గొట్టం కొన్నాళ్ళు కోళ్ళగూడుకి అడ్డంగా ఉండేది.

ఇది మా ఇంటి కథ అనుకునేదాన్ని. ఒడిశాలో ఇట్లాంటి మట్టి పొయ్యిలే ఇచ్చి నాలుగేళ్ళు వెంటబడి చూసిన ఒక పరిశోధన ఉంది. రెమా హన్నా, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ అనే ఆర్థికవేత్తలు చేశారు. డఫ్లోకి తర్వాత 2019లో నోబెల్ వచ్చింది. మొదటి ఏడు వంట చేసేవాళ్ళు పీల్చే పొగ తగ్గింది. తర్వాత తర్వాత ఆ తేడా మాయమైంది. ఎందుకంటే ఇళ్ళలో ఆ పొయ్యిలని సరిగా వాడలేదు, బాగుచేసుకోవడానికి పెట్టుబడి పెట్టలేదు, చివరికి వాడకమే తగ్గిపోయింది. ప్రయోగశాలలో బాగా పనిచేసిన పొయ్యి ఇంట్లో పనిచెయ్యాలంటే నెలకోసారి ఎవరో ఒకరు చేతులకి మసి చేసుకోవాలి. ఆ ఎవరో ఒకరు ఎవరన్నది ఏ పథకంలోనూ రాసి ఉండదు.

గ్యాస్ వచ్చేసింది కదా, ఇంకా కట్టెల గొడవేంటి అనేవాళ్ళున్నారు. నిజమే. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల, మొన్న 2024లో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. రోజువారీ వంటకి గ్యాస్‌కి మించింది లేదు, నేను వాదించను. గ్యాస్ ఉన్నవాళ్ళు అన్నం కూరా దాని మీదే చెయ్యండి. కానీ మా వదిన వంటింట్లో గ్యాస్ పొయ్యి మెరుస్తూ ఉంటుంది, పెరట్లో కట్టెల పొయ్యి రోజూ మండుతూ ఉంటుంది. స్నానాల నీళ్ళు, గేదెలకి ఉలవలు, పండగకి అరిసెల పాకం, చుట్టాలొస్తే పెద్ద డేగిసాలో చేపల పులుసు. మా వైపు చాలా ఇళ్ళు ఇట్లాగే రెండు పడవల మీద కాళ్ళు పెట్టి ఉన్నాయి. పథకాల లెక్కల్లో మాత్రం ఆమెది పొగలేని ఇల్లే.

ఇంకో రకం వాళ్ళు, కట్టెల పొయ్యి వంట రుచే వేరని వీడియోలు పెట్టేవాళ్ళు. హైవే మీద ఒంగోలు దాటితే కట్టెల పొయ్యి భోజనం అని బోర్డులు కనిపిస్తాయి. పులుసు సన్నటి నిప్పుల మీద మట్టిచట్టిలో ఉంటే బాగుంటుంది, అది నేనూ ఒప్పుకుంటాను. మర్నాటికి ఇంకా బాగుంటుంది. అయితే ఆ రుచి నిప్పులది, నెమ్మది సెగది. పొగది కాదు. పొగచూరిన పాయసం తిన్నవాళ్ళెవరూ రుచి గురించి వీడియో చెయ్యరు.

సరే, వదిన ప్రశ్నకి జవాబు. తేనెపట్టు మన పొయ్యికి ఎందుకు సరిపడదంటే, దానికి మూసిన పెట్టె కావాలి, గంటల తరబడి నిలకడైన వేడి కావాలి. మన పొయ్యికి నోరు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. నిమిషానికోసారి కట్టె ఎగదోస్తాం, మధ్యలో గిన్నె దించుతాం, చల్లగాలి దూరుతుంది. 260 దాటి నిలవదు. పైగా పాల కవరు ఒక్కటి వేశామా, ఆ పూత పని అయిపోయినట్టే. తేనెపట్టు రాకపోయినా దాని మడి మాత్రం ఇక్కడికి వస్తుంది. అందులో సగం నాన్న బ్యారన్ దగ్గర ఉన్నదే.

అందుకని ఈ వేసవిలో నేనూ, వదినా, మా అన్నా కలిసి పెరటి పొయ్యి మీద పడ్డాం. ముందు గొట్టం. అన్న నిచ్చెన వేసుకుని పైకెక్కి, తాడుకి గోనెపట్టా చుట్టి, కింద రాయి కట్టి గొట్టంలోకి దించాడు. పదకొండేళ్ళ క్రితం పెట్టిన గొట్టం అది, ఒక్కసారీ దులిపింది లేదు. కిందకి పడిన మసి రెండు బక్కెట్లు. "ఇంతుందా దీంట్లో" అని అన్న పైనుంచే అరిచాడు. వదిన నవ్వింది. "నా కడుపులో ఎంతుందో అది కూడా దించు" అంది. అన్న మళ్ళీ నోరెత్తలేదు.

తర్వాత కట్టెల కింద గాలి. మన పొయ్యిలో కట్టె నేల మీద, బూడిదలో పడుకుని ఉంటుంది. కింద నుంచి గాలి అందదు, అందుకే ఊదుగొట్టం. పాత కిటికీ ఊచలు నాలుగు తెచ్చి, నేలకి రెండంగుళాల ఎత్తున రెండు ఇటుకల మీద పరిచాం. కట్టె ఊచల మీద, గాలి కింద, బూడిద ఆ కిందకి రాలుతుంది. ఖర్చు లేదు. ఆ రోజు నుంచి ఊదుగొట్టం గోడకి ఆనించి ఉంది. పొయ్యి గోడల బీటలకి మట్టీ బూడిదా పేడా కలిపి మెత్తాం. పొయ్యి నోట్లో ఒకేసారి మూడు మొద్దులు కుక్కే అలవాటుంది వదినకి. మణికట్టంత లావుకి చీల్చిన పుల్లలు రెండు మూడు పెడితే మంట నిలబడుతుంది, గదంతా నిండితే గాలికి చోటుండదు అని చూపించాను. రాజేయడానికి పాల కవర్లు, కిరసనాయిలు మాన్పించాను. కొబ్బరిపీచు, ఎండు తాటాకు చాలు.

నీళ్ళ బాయిలరు సంగతీ ఇంతే. రాగి బాయిలర్ నడిమధ్య గొట్టం లోపలివైపు మసి మందంగా పట్టి ఉంటే వేడి నీళ్ళకి చేరదు, గొట్టంలోంచి పైకి పోతుంది. నెలకోసారి కొబ్బరిపీచు కుంచెతో రుద్దితే చాలు. ఒక్క మాట గట్టిగా చెప్పాలి: బాయిలరుని గానీ కుంపటిని గానీ తలుపులు మూసిన బాత్రూంలో పెట్టకండి. కనపడే పొగ లేకపోయినా వాసన లేని విషవాయువు ఉంటుంది.

అసలు కష్టం కట్టెతో. అల్లుడిచ్చిన తేమ మీటరు పట్టుకొచ్చాను. మేలో పెరట్లో ఎండిన చిల్లకంప చీల్చి గుచ్చితే 13 చూపించింది. సరుగుడు 16. అడితిలో అప్పుడే దించిన సుబాబుల్ 38. చాలామంది పచ్చికట్టెలో నీళ్ళు ఆవిరవడానికి వేడి ఖర్చవుతుందని మాత్రమే అనుకుంటారు. లెక్క వేస్తే ఆ నష్టం అంత పెద్దది కాదు. కిలో కట్టెలో సగం నీళ్ళే అనుకున్నా, మిగిలిన అరకిలో ఎండుకట్టె ఇచ్చే వేడిలో ఏడో ఎనిమిదో వంతు ఆ నీళ్ళని తరమడానికి పోతుంది. పెద్ద నష్టం ఏంటంటే, నీళ్ళు మంటని చల్లబరుస్తాయి. మంట చల్లబడితే ఆవిర్లు అంటుకోవు. అంటుకోనిదంతా పొగ. పచ్చికట్టె అమ్మేవాడు మనకి నీళ్ళు కట్టెల రేటుకి అమ్మడమే కాదు, పొగని కొసరుగా వేస్తున్నాడు.

మన దగ్గర కట్టె ఎండడానికి రెండేళ్ళు అక్కర్లేదు. రోహిణి కార్తె ఎండ ఉందిగా, దేవుడిచ్చిన బ్యారన్. మాఘంలో కొట్టి చీల్చి, గాలి ఆడేట్టు వరసగా పేర్చితే జూన్‌కి ఖంగుమంటుంది. మన చిక్కు ఆంధ్రాలో చాలా చోట్ల లేనిది. మనవైపు పెద్దవానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో, వాయుగుండాలతో. వేసవంతా ఎండిన కట్టె చిత్త, స్వాతి కార్తెల్లో మళ్ళీ తడిసి ముద్దవుతుంది. సరిగ్గా వేడినీళ్ళు కావాల్సిన రోజులకి పొయ్యిలో పచ్చికట్టె. సెప్టెంబరు ఆఖరికల్లా రేకుల కిందికి చేరాలి. కింద రాళ్ళో ఇటుకలో వేసి జానెడు ఎత్తున పేర్చాలి, పట్టాతో నాలుగు వైపులా బిగించి మూట కట్టకూడదు. పైన కప్పు, పక్కలు తెరిపి.

వదిన మీటరుని నమ్మలేదు. "ఆ డబ్బా ఎందుకు, మామయ్య కొట్టి చూసేవాడు గందా" అని రెండు కర్రలు తీసుకుని చెవి దగ్గర కొట్టింది. ఆమె ఖంగుమంది అన్నవన్నీ మీటర్లో 20 లోపే. ఒక్కటి తప్పింది. పై వారం అన్నతో పాటు అడితికి తనే వెళ్ళి, ఒక్కో కర్రా కొట్టి ఏరుతుంటే అడితి ఆయన "ఇట్లా ఏరితే ఎట్లమ్మా, పొయ్యిలో పెట్టేవేగా" అన్నాడట. "బ్యారన్‌కైతే ఏరనిస్తావు గదా" అని ఈమె అందట. సగం బండి వెనక్కి పంపించి వచ్చింది.

గొట్టం నెలకోసారి దులిపే పని అన్నదని ముగ్గురం అనుకున్నాం. జూన్‌లో దులిపాడు. జూలైలో ఫోన్ చేస్తే మోకాళ్ళ నొప్పులన్నాడు. ఆగస్టులో నిచ్చెన ఎవరో అడిగి తీసుకెళ్ళారన్నాడు. నిన్న వదిన ఫోన్ చేసి, రేకుల కింద ఇంకో రెండు వరసలు పేర్చేశాననీ, నిచ్చెన తనే వెళ్ళి అడిగి తెచ్చి గోడకి ఆనించి పెట్టాననీ చెప్పింది. ఆయన రోజూ దాని పక్కనుంచే బయటకి వెళ్తున్నాడట.